ఆడోళ్ల తరఫు సినిమా

జనగామ
21 సెప్టెంబర్ 2011

నిరంజన్ భాయ్,

సలాం, నమస్తే, జై తెలంగాణ. మూడూ తీసుకో.

జాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. తప్పు సగం నాది, సగం నీది. ఎన్నిసార్లు మెయిల్ టైపు చేయ కూసున్ననో. సగం కొట్టంగనే కరెంటు పోతది, రాసిందంతా ఎగిరిపోతది. తెలంగాణ కోసం మీరు బొగ్గు తీసుడు బందు పెడితే ఈడ నా కంప్యూటర్ బందయితున్నది. ఫ్యాను ఆగినప్పుడల్లా మా ఇంటామె జబీన్ విసనకర్ర అందుకుని, మీ దోస్తు మంచిగ సమ్మె చేస్తున్నడని నవ్వుతది. ఇంత ఉక్కపోతల ఇంత గర్వంగ కూసున్న ఊరు ఇంకోటి ఉండదు భాయ్.

షాపు సంగతి చెప్త. రీచార్జి గిరాకీ అంతంత మాత్రమే. గని మెమరీ కార్డులల్ల సినిమాలు ఎక్కించుకునేటోళ్లు మస్తు పెరిగిండ్రు. బడులు బందు, ఆఫీసులు బందు, బస్సులు బందు, ఇంట్ల కూసోని ఏం చేస్తరు? ఏ సినిమాలు అడుగుతున్నరనుకున్నవ్? అన్నీ పాతయే. నలుపు తెలుపుయి. మొన్న లింగాల ఘనపూర్ నుంచి ఒక పటేల్ బండి మీద వచ్చిండు. సినిమా పేరు తెల్వదు. గద్ద పసిపిల్లను ఎత్తుకపోతది, ఆ సినిమా గావాలె అన్నడు. ఎతికి ఎక్కించిన. కొత్తయి గూడ ఉన్నయి పటేలా అంటే ఏమన్నడో విను. "కొత్తదాంట్ల ఏమైతదో అని సూడాలె. పాతదాంట్ల ఏమైతదో నాకు ఎరుకనే. అది అయ్యేటప్పుడు నేను ఆడ ఉండాలె, గంతే." ఆయన పోయినంక చాలాసేపు ఆ మాటనే తిప్పి తిప్పి అనుకున్న.

ఇగ అసలు ముచ్చట. మన భిక్షపతి యాదికున్నడా, మనతోటి చదివిండు, మానుకోట స్టేషన్ రోడ్డుల హోటల్ పెట్టిండు? ఆ ఊరి సమ్మె శిబిరమంతా ఇప్పుడు ఆయన చేతుల మీదనే నడుస్తున్నది. ఆడోళ్లు రోజూ వచ్చి టెంటు కింద కూసుంటున్నరట. ఉపన్యాసాలు ఇని ఇని వాళ్లకు యాష్టకొచ్చి, ఒక ముసలామె లేచి, "పొద్దంత మైకు మీరే పట్టుకుంటిరి. ఒకనాడన్న సినిమా ఏయరాదుండ్రి" అన్నదట. ఏ సినిమా అంటే అందరిదీ ఒకటే మాట, ఏడు తలుపుల సినిమా. అసలు పేరు ఎవలికీ యాదికి లేదు, మనకు మాత్రం ఉన్నదా? రాకాసి తమ్ముణ్ణి కోటల దాస్తడు, అక్క ఒక్కో తలుపు తీసుకుంట పోతది, అదే. ఆ సినిమా నా తాన ఉన్నది. పెండ్లి వీడియోలకు కిరాయికిచ్చే ప్రొజెక్టరు ఉన్నది. ఎవరిదో మిరపకాయల గోదాం ఖాళీగ ఉన్నదట, తలుపులు మూస్తే పగటిపూట గూడ చీకటే, తెల్లగోడ ఉండనే ఉన్నది. బతుకమ్మ నడుమల ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నం.

అంతా చెప్పినంక భిక్షపతి జర గొంతు తగ్గించి, "సుమిత్రమ్మ ఉన్నదా? ఆమె చెప్తేనే సూస్తం అంటున్నరు" అన్నడు.

మీ అమ్మ పేరు ఇనంగనే భాయ్, మన చిన్నప్పటి మానుకోట టాకీసు మొత్తం కండ్ల ముంగట తిరిగింది. నడుమ సగం గోడ. ఇవతల నేల మీద మనం, అవతల ఆడోళ్ల తరఫు. తెర మీద అక్క పుస్తకంల మాటలు ఏవో మాట్లాడుతది. గోడ అవతల పెద్దమ్మ దాన్ని మన మాటల తిప్పి, "ఓ అవ్వా, తమ్ముడు యాదికొస్తె నాకు బువ్వ సయిస్తలేదే" అని చెప్తది. తండాల నుంచి వచ్చిన ఆడోళ్లు, తెలుగు రాని మా అమ్మీ లాంటోళ్లు, అందరూ ఆమె చుట్టే. మగోళ్లు గూడ గోడకు చెవి పెట్టేటోళ్లు. ఒకనాడు మేనేజరు వచ్చి మాట్లాడొద్దన్నడు. ఆడోళ్ల తరఫు మొత్తం లేచి బయటికి నడిచింది. మరునాడు ఆయనే నట్టనడుమ ఒక బెంచీ ఏసి, సుమిత్రమ్మ ఈడ కూసోవాలె అని పిలిచిండు. టాకీసుల పేరు పెట్టి బెంచీ ఏసింది మీ అమ్మ ఒక్కదానికే.

పెద్దమ్మను పంపు. నేను మా అమ్మీని తీసుకుని పోత. జల్ది జవాబు కొట్టు.

నీ మాజిద్


భూపాలపల్లి
23 సెప్టెంబర్ 2011

ప్రియమైన మాజిద్‌కు,

నీ జాబు అందింది. ఇక్కడ మీ వదిన ప్రమీల, అమ్మాయి మమత, అమ్మ, నేను క్షేమం. సమ్మె బాగా సాగుతోంది.

నేను పంపుల దగ్గర పనిలో ఉన్నాను. బొగ్గు తీయకపోయినా గని బావిలో ఊరే నీళ్లు తోడకపోతే బావి మునిగిపోతుంది. అందుకని మా పంపులవాళ్లను మాత్రం యూనియన్ వాళ్లే పనిలో ఉండమన్నారు. నేను కదలడానికి వీలు లేదు.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. బస్సులు లేవు. అంత దూరం ప్రయాణం ఆమె వల్ల కాదు. ఈసారికి వదిలేయండి. అందరికీ తెలిసిన కథే కాబట్టి అమ్మ లేకపోయినా సినిమా చూడవచ్చు. పాత సినిమాకు చెప్పేవాళ్లు ఎందుకు?

భిక్షపతికి నా నమస్కారాలు చెప్పు. ఖాలా, అదే మీ అమ్మీ, ఆరోగ్యం జాగ్రత్త.

ఒక్క సంగతి. పాతవాళ్లలో ఎవరెవరు వస్తున్నారు? ఊరికే అడుగుతున్నాను.

ఇట్లు,
నిరంజన్


జనగామ
25 సెప్టెంబర్ 2011

నిరంజన్ భాయ్,

నీది జాబు లెక్క లేదు, ఆఫీసు గోడకు అంటించిన నోటీసు లెక్క ఉంది. 'వదిలేయండి' అంట. నన్ను అండి అన్నవ్. చెట్టెక్కి జామకాయలు దొంగతనం చేసినప్పుడు కింద నిలబడి నాకు జర అండి అనకపోతివి.

బస్సులు లేకుంటే జీపు ఉంది. నర్సింహులపేట గోప్యా నాకు బాగా ఎరుక. మిర్చి కాలంల నా షాపు ముంగటనే బండి ఆపుతడు. మీ ఇంటి ముంగట ఆపి, పెద్దమ్మను ముందు సీట్ల కూసోబెట్టి, మెత్త ఏసి తీసుకొస్త అన్నడు. మోకాళ్లకు ఏం కాదు. నేను పెద్దమ్మ సినిమా చెప్తదని అన్నంక గోప్యా నవ్వి, వాళ్ల తల్లి గూడ గోడ అవతల కూసున్నదే అన్నడు. ఏడు తలుపుల కథ మొత్తం ఆయనకు నోటికి వచ్చు. గని ఆ సినిమా ఆయన ఒక్కనాడు గూడ చూడలే. తల్లి చెప్పంగ విన్నడు. మీ అమ్మ మాట ఎంత దూరం నడిచిపోయిందో చూడు.

నీ జాబు అమ్మీకి చదివి వినిపించిన. పాన్‌దాన్ మూత టపీమని ఏసి, సుమిత్ర రాకుంటే నేనూ రాను అన్నది. నీకు ఎరుకనే గదా, అమ్మీ హైదరాబాదు పాతబస్తీ నుంచి పెండ్లయి మానుకోట వచ్చిననాడు ఒక్క తెలుగు ముక్క రాదు. అబ్బా పొద్దంత సైకిల్ షాపుల ఉండేటోడు. గోడ పక్క మీ ఇల్లు. మీ అమ్మనే రెక్క పట్టుకుని టాకీసుకు తోలుకపోయింది. ముందు ఆమె ఒక్కదానికే చెప్పేది, పక్కోళ్లు చెవులు పెట్టిండ్రు, అట్ల మొదలైంది అంతా. అమ్మీ ఆ తెలుగునే బజారుల వాడేది. వంకాయలామె జాస్తి ధర చెప్పిందని, "ఓసి రాకాసిదానా, నా తమ్ముణ్ణి ఏడ దాస్తివే" అని కోపం చేసిందట. వంకాయలామె భయపడి ఊరికే ఇచ్చింది.

ఎవరెవరు వస్తున్నరని అడిగినవ్. కొమురెల్లి భార్య వస్తది, స్టేషన్ కాడి అక్కలు వస్తరు, తండాల ముసలోళ్లు వస్తరు, అప్పటోళ్లు ఉన్నకాడికి అందరూ వస్తరు. ఒక్క కిరికిరి ఉంది. భిక్షపతి అక్క కొడుకు రోహిత్, యూనివర్సిటీల చదువుతడు. ఆ పిల్లగాండ్లు ఈ సినిమా వద్దంటున్నరు. ఆ సినిమాలల్ల మన తీరు మాట్లాడేటోడు ఎవడు? కావలోడు, దొంగ, తాగుబోతు. మనల్ని చూసి నవ్విచ్చిన సినిమా మన శిబిరంల ఎందుకు అంటడు. తప్పు మాట కాదు. ఏడు తలుపుల్ల గూడ ఆ కావలోడు ఉన్నడు గదా, ముక్కాలిపీట మీంచి పడేటోడు. గని నేను అన్న, నాయినా, నువ్వు మా తరఫు నుంచి ఆ సినిమా చూడలే, ఒకసారి సుమిత్రమ్మ చెప్పంగ ఇను అని. సరే చిచ్చా, ఆమె వస్తదంటే ఏయుండ్రి అని ఒప్పుకున్నడు.

గిప్పుడు చెప్పు. ఆమె రాకుంటే సినిమా లేదు. ఇంతమంది అడిగితే నీకు గర్వం అనిపించాలె, నొప్పులంటవేంది? ఏమైంది భాయ్?

మాజిద్


భూపాలపల్లి
27 సెప్టెంబర్ 2011

మాజిద్,

ఏమైంది అని అడిగావు. చెప్తాను. చదివి తీసేయ్.

అమ్మకు కళ్లు పోయాయి. నీటికాసులు అన్నారు. వరంగల్ దవాఖానలో చూపిస్తే, ఆలస్యమైంది, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. ఒక కంటికి ఏమీ లేదు. ఇంకో కంటికి తలుపు తీస్తే వెలుగు, మూస్తే చీకటి, అంతవరకే. ఉగాది నుంచి ఇదే పరిస్థితి.

ఈ కాలనీలో ఎవరికీ తెలియనియ్యలేదు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడిది అక్కడే ఉండాలి, లేదంటే ప్రమీలకు తిట్లు. వాకిట్లోకి ఎవరైనా వస్తే అడుగుల చప్పుడును బట్టి పేరు పెట్టి పిలుస్తుంది. వాళ్లు మురిసిపోతారు. మానుకోటలో మాత్రం అసలు తెలియకూడదని నాతో ఒట్టు వేయించుకుంది. "గా ఊర్ల నేను సూసి చెప్పినదాన్ని. నన్ను సూసి అయ్యో అనొద్దు" అంది.

అందుకే రాదని రాశాను. నా ముఖం ఎరిగినవాడివి కాబట్టి నోటీసులా రాశాను, మామూలుగా రాస్తే నువ్వు పట్టేస్తావని.

అయినా దాగలేదు. నీ జాబు నెట్ సెంటర్లో అచ్చు తీయించి తెచ్చుకుంటాను కదా, మమత దాన్ని గట్టిగా చదివింది. బెంచీ సంగతి వచ్చేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. రెండో జాబు చదివేసరికి గోప్యా తల్లి ఎవరో, ఏ వరుసలో కూర్చునేదో చెప్పింది. ఇప్పుడు సంచి సర్దుకుంది. వద్దంటే వినడం లేదు.

నాకు కనపడాల్నా ఏంది, వినపడితె చాలదా అంటుంది. అబద్ధం కాదు. రోజూ సాయంత్రం మమత పాత సినిమా పెడుతుంది. అమ్మ చెవి అటు పెట్టి, మాట వినగానే ఎవరు ఎక్కడ నిలబడ్డారో, చేతిలో ఏముందో, అంతా మమతకు చెప్తుంది. ఒక్కటీ తప్పదు. సినిమా ఆమెకు లోపల ఆడుతుంది. కానీ మాట ఆగితే బొమ్మ ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు. మొన్న కరెంటు పోయి టీవీ ఆగిపోయినా చాలాసేపు చెప్తూనే ఉంది. మమత ఊ కొడుతూనే ఉంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

పంపిస్తున్నాను. ప్రమీల తోడు వస్తుంది. చేయి పట్టుకుని నడిపిస్తుంది, మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పండి. నీకు ఒకటే చెప్తున్నాను. మాట ఆగొద్దు. ఆ గోదాంలో ఏం జరిగినా సరే, మాట ఆగొద్దు. అంతమందిలో ఆమె తప్పు చెప్పి దొరికిపోతే, ఇంటికి వచ్చాక మళ్లీ సంచి సర్దదు, మళ్లీ ఏ సినిమా వినదు. నాకు తెలుసు.

ఖాలాకు కూడా చెప్పకు. ముఖ్యంగా ఆమెకు చెప్పొద్దని అమ్మ మాట.

నిరంజన్


జనగామ
29 సెప్టెంబర్ 2011

నిరంజన్,

కరెంటు ఉన్నంతల కొడుతున్న. నీ జాబు చదివి షాపు షట్టరు సగం దించి కూసున్న. తీసేసిన. ఎవలికీ చెప్పలే, జబీన్‌కు గూడ.

పరేషాన్ గాకు. జనరేటరు మాట్లాడిన. ఒకటి కాదు, రెండు యాంప్లిఫయర్లు పట్టుకపోతున్న. ఒకటి ఆగితే ఇంకోటి. స్పీకరు సరిగ్గ పెద్దమ్మ పక్కకే పెడుత. బెంచీ సంగతి భిక్షపతికి చెప్పిన, నట్టనడుమ ఏయమని.

మాట ఆగదు. నాది జిమ్మ, పూచీ నాదే.

మాజిద్


మానుకోట
3 అక్టోబర్ 2011

నిరంజన్ భాయ్,

పెద్దమ్మ మంచిగ ఉన్నది. ముందు అది చదువు. ఫోన్‌ల నీకు అంతే చెప్పిన, మిగతాది ఫోన్‌ల చెప్పేది కాదు. భిక్షపతి హోటల్ పక్క నెట్ సెంటర్ల కూసోని రాస్తున్న.

గోదాం నిండిపోయింది. మేము రెండు వందలమంది అనుకుంటే బస్తాలు తెచ్చి గోడల పొంటి గూడ పరిచిండ్రు. మిర్చి లేకున్నా మిర్చి ఘాటు ఉన్నది, ఒకటే తుమ్ములు. ఏడుపు సీను రాకముందే అందరి కండ్లల్ల నీళ్లు. పెద్దమ్మ ప్రమీల చెయ్యి పట్టుకుని రాంగనే ఆడోళ్లు లేచి నిలబడ్డరు భాయ్. మంత్రి వస్తే గూడ లేవలే వాళ్లు. ఆమె ఒక్కొక్కల గొంతు ఇనుకుంట, "గీ దగ్గు కొమురెల్లి పెండ్లాందే", "నువ్వు గాజుల రాజవ్వవు గదా" అని పేర్లు పెట్టి పిలిచింది. ఇన్నేండ్లకు గూడ ముఖాలు మరవలే అని వాళ్లు మెచ్చుకున్నరు. నేను తల దించుకుని వైర్లు కలుపుకున్న.

బెంచీ మీద ఆమె, పక్కన అమ్మీ. ఇద్దరూ చేతులు పట్టుకుని కూసున్నరు. అమ్మీ పాన్ కట్టి నోట్ల పెట్టుకున్నది.

సినిమా షురువైంది. నీకు చెప్పేదేముంది? తెర మీద అక్క నోరు తెరవంగనే పెద్దమ్మ అందుకున్నది. గొంతు జర బొంగురుపోయింది, గని అదే తీరు. ఒక్క మాట వెనక పడలే. ముందు కూసున్న పడుచు పిల్లలు తెర దిక్కు చూసుడు ఆపి వెనక్కు తిరిగి ఆమెనే చూస్తున్నరు. నేను గాలి పీల్చుకున్న.

అప్పుడు మొదటి తలుపు కాడి కావలోడు వచ్చిండు. రాకాసి మంత్రి వాణ్ణి గద్దిస్తడు, వాడు మన తీరు నత్తి నత్తిగ మాట్లాడుతడు, పీట మీంచి పడుతడు. వాడు నోరు తెరిచిండో లేదో వెనక నిలబడ్డ పిలగాండ్లు గుర్రుమన్నరు. రోహిత్ నడుచుకుంట నా కాడికి వచ్చిండు. కోపం లేదు పిలగానికి, మొఖం నిండ సంతోషమే ఉన్నది. "అవ్వ ఉండంగ ఈ డబ్బా మాట మనకెందుకు చిచ్చా?" అని యాంప్లిఫయర్ బటన్ టక్కున ఒత్తిండు.

గోదాం మొత్తం చప్పట్లు కొట్టింది.

నేను ఆ జనరేటరును, ఆ రెండో యాంప్లిఫయర్‌ను చూసి ఏడువాల్నా నవ్వాల్నా తెలవలే. కరెంటు పోతదని భయపడ్డ, వైరు తెగుతదని భయపడ్డ. గౌరవంతోటి ఎవరన్న బందు చేస్తరని నాకేం తెలుసు? మళ్లా బటన్ మీద చెయ్యి పెట్టిన. సౌండు ఆపితే బొమ్మ ఖరాబైతది బేటా అన్న. "బొమ్మ ఎట్ల ఖరాబైతది చిచ్చా?" అని నవ్విండు. పక్కోళ్లు గూడ నవ్విండ్రు. ఎందుకు ఆపొద్దో ఒక్క మాట చెప్తే చాలు. ఆ ఒక్క మాట చెప్తే పెద్దమ్మ ఇజ్జత్ పోతది. బటన్ మీంచి చెయ్యి తీసిన.

పెద్దమ్మ ఆగిపోయింది. ఒళ్లె ఉన్న చెయ్యి చీర కొంగును ఎతుకుతున్నది. చెప్పు సుమిత్రమ్మా, చెప్పు, అని అన్ని దిక్కుల నుంచి. కావలోని సీను అయిపోయిందనుకున్నదేమో, రెండో తలుపు కాడ పాము ఉన్నది అని ఎత్తుకున్నది. గోడ మీదనేమో కావలోడు ఇంకా మంత్రి ముంగట నిలబడే ఉన్నడు. ముందు వరుసల ఒకామె, ఇంకా మొదటి తలుపు కాడనే ఉన్నరు గదా అక్కా, అన్నది. మెల్లగనే అన్నది. గని నాకు ఆ మాట మైకుల అన్నట్టు వినిపించింది.

అమ్మీ పెద్దమ్మ మొఖం దిక్కు చూసింది. గోడ దిక్కు చూసింది. మళ్లా ఆమె మొఖం దిక్కు చూసింది. పెద్దమ్మ మొఖం గోడ దిక్కు లేదు భాయ్. బందయిన స్పీకరు దిక్కు ఉన్నది.

నోట్ల పాన్ ఒక పక్కకు తోసి, "దర్బాన్ అబ్బీ దర్వాజేకనేచ్ ఖడా హై" అన్నది అమ్మీ, ఊరికే తనల తను అనుకున్నట్టు. కావలోడు ఇంకా తలుపు కాన్నే ఉన్నడు అని. పెద్దమ్మ చెయ్యి ఆగింది. "వజీర్ చిల్లారా ఉస్ పో." మంత్రి వాని మీద అరుస్తున్నడు. పెద్దమ్మ జర నవ్వినట్టు చేసి, "పాము ముచ్చట తర్వాత చెప్త గని, ముందు ఈ మంత్రి సంగతి ఇనుండ్రి" అని అందుకున్నది. అందుకున్నది అంటే ఏమందుకున్నది భాయ్! "మంత్రి అంటున్నడు, ఏం రా, తలుపు తియ్యరాదు? కావలోడు అంటున్నడు, తీస్త గని మంత్రీ, అడిగే తీరున అడుగు. నీకు కోట ఉన్నది, నాకు తలుపు ఉన్నది" అన్నది. గోడ మీద వాడు గడగడ వణుకుతున్నడు, ఈమె చెప్పంగ వాడే దొర లెక్క కనవడుతున్నడు.

అమ్మీ, "గిర్‌గయా" అన్నది. వాడు పడిపోయిండు. ఆ పడే సీనుకే గదా ఆ రోజులల్ల టాకీసు మొత్తం నవ్వేది. పెద్దమ్మ రెప్పపాటు గూడ ఆగలే. "పడ్డది వాడు గాదమ్మా. మంత్రి ఇజ్జత్ పడ్డది. ఏరి ఇద్దామని వంగిండు."

గోదాం కప్పు లేచిపోయింది. తుమ్ములు, నవ్వులు, చప్పట్లు, ఏది ఏదో తెలవలే. వెనక నిలబడ్డ పిలగాండ్లు ఒక్కొక్కలు వచ్చి బస్తాల మీద ఆడోళ్ల పక్కన కూసున్నరు.

అట్ల ఏడు తలుపులూ తీసిండ్రు ఇద్దరు. అమ్మీ ఉర్దూల ఒక ముక్క, పెద్దమ్మ తెలుగుల పది ముక్కలు. షంషాద్ ఖాలాకు నోరు ఊకుండదు అని అందరూ అనుకున్నరు, అంతే. చివరి తలుపు కాడ తమ్ముడు దొరికినప్పుడు అమ్మీ గట్టిగ ముక్కు చీదింది, అంతే. పెద్దమ్మకు అది చాలు. "దొరికిండు" అన్నది.

అయిపోయినంక రోహిత్ వచ్చి ఆమె కాళ్ల కాడ కూసున్నడు. అవ్వా, అప్పుడు టాకీసుల గూడ కావలోణ్ణి గిట్లనే చెప్పేదానివా అని అడిగిండు. "మరి? రాజు మన తీరే, మంత్రి మన తీరే, కావలోడు మన తీరే. అందరు ఒక్క తీరు మాట్లాడితె నవ్వెటందుకు ఎవడు మిగుల్తడు బిడ్డా?" అన్నది.

బతుకమ్మకు పొద్దు పోతున్నదని ఆడోళ్లు లేచిండ్రు. మీ అమ్మను నడుమ నిలబెట్టి తీసుకపోయిండ్రు. నేను వైర్లు చుట్టుకుంట అమ్మీని అడిగిన, అమ్మీ, పెద్దమ్మకు ఏమన్న అయ్యిందా అని. నా దిక్కు చూడకుండనే, ఆమెకేమైంది, మంచిగనే ఉన్నది గదా అన్నది. మరి నువ్వెందుకు సినిమా అంతా చెప్పినవ్ అంటే అప్పుడు చూసింది, చిన్నప్పుడు సైకిల్ ట్యూబు కోసినప్పుడు చూసినట్టు. "ఆమె నాకు అన్నేండ్లు చెప్పింది. నేను ఒక్కనాడు చెప్తె నీకేం తక్లీఫ్?"

నేను మళ్లా వైర్లు చుట్టుకున్న.

నాది జిమ్మ అన్న మాట నేను నిలబెట్టుకోలే భాయ్. అమ్మీ నిలబెట్టింది.

మాజిద్


భూపాలపల్లి
6 నవంబర్ 2011

మాజిద్ భాయ్,

ఇన్ని దినాలు జవాబు రాయలే, కోపం చేయకు. సమ్మె ఆగినంక బాయిల పని మీద పని. తెలంగాణ ఇంకా రాలే, మళ్లా మొదలు పెడుతం. గని ఇంకో సంగతి గూడ ఉన్నది. నీ జాబుల చదవరాని ముక్కలు దాటేసి రోజూ అమ్మకు చదివి వినిపించుడే సరిపోతున్నది. కావలోని కాడికి రాంగనే, మళ్లా చదువు అంటది. మమతకు మొత్తం నోటికి వచ్చింది.

జీపు దిగంగనే అమ్మ అన్న మొదటి మాట చెప్పాల్నా? "ఆ షంషాద్ నన్ను మాట్లాడనియ్యలే కొడకా. సినిమా పొడుగుత ఒకటే గలగల. ముసలితనాన గూడ నోరు పడలే దానికి." అనుకుంట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నది. నేను ప్రమీల దిక్కు చూసిన. ప్రమీల నీళ్ల చెంబు పట్టుకుని లోపలికి పోయింది. సరే, నాకేం తెలవనట్టే ఉన్న. వాళ్లిద్దరి నడుమ నేనెందుకు?

ఇగ అసలు ముచ్చట. నీ మాటనే వాడుకున్న, ఏమనుకోకు.

నిన్న కాటారం నుంచి నలుగురు ఆడోళ్లు వచ్చిండ్రు. మానుకోటల ఎవలో చూసిండ్రట, నోటమాట పోయి పోయి అడివి దాకా పోయింది. కాటారంల గూడ సినిమా పెడుతున్నరు, సుమిత్రమ్మ చెప్పాలె అన్నరు. వాకిట్ల మా కాలనీ ఆడోళ్లు గూడ ఉన్నరు, మా క్వార్టర్ల సగం లైను చుట్టూ మూగింది. అమ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటదని అనుకున్న. మోకాళ్లు అని నేనే అనబోయిన.

అమ్మ నా చెయ్యి పక్కకు పెట్టింది. లేచి నిలబడ్డది. "వస్త. గని నాకు కండ్లు కనవడయి" అన్నది. ప్రమీల చేతుల చాట అట్లనే ఉన్నది. అయ్యో అనేటందుకు ఎవరో నోరు తెరిచిండ్రు. అమ్మ వాళ్లకు టైమియ్యలే. "మానుకోటల షంషాద్ అని నా సోపతి ఉన్నది. కండ్లు దానియి, మాట నాది. అది వస్తెనే నేను వస్త. మా ఇద్దరికి కలిపి ఒక్క బెంచీ ఏయుండ్రి. నట్టనడుమ."

కాటారమోళ్లు ఏయకుండ ఉంటరా? మెత్త గూడ ఏస్తం అన్నరు.

వాళ్లు పోయినంక అమ్మ వాకిట్లనే కూసున్నది. పక్కింటామె వచ్చి పేరు చెప్పకుండ నిలబడితే, "నాకు కనవడదని చెప్తి గదా, పేరు చెప్పు" అని గదమాయించింది. ఉగాది నుంచి ఆ మాట ఆ నోట్ల నుంచి వినలే నేను. మా అమ్మ అని చెప్పుకునేటందుకు నాకు ఎప్పుడూ గర్వమే మాజిద్. గని నిన్న వాకిట్ల నిలబడి చూసింది వేరే.

సినిమా ఏదని అడిగితే అదే, ఏడు తలుపులది. వేరేది చెప్పరాదా అమ్మా, అందరికి తెలిసిన కథనే గదా అన్న. తెలిసిందానికే మనిషి పక్కన మనిషి గావాలె అన్నది.

బస్సులు తిరుగుతున్నయి. గోప్యా జీపు ఉండనే ఉన్నది. ఈసారి పంపుల కాడ సెలవు పెట్టుకుంట, నేను గూడ ఆడోళ్ల తరఫు గోడకు చెవి పెట్టి కూసుంట. నువ్వు రెండో యాంప్లిఫయర్ తేకు, బరువు. పాన్‌దాన్ మరవకు.

అమ్మ పొద్దటి నుంచి ఒకటే అడుగుతున్నది, నేను నిన్ను అడుగుతున్న. ఖాలాను తీసుకుని ఎప్పుడొస్తున్నవ్?

నీ నిరంజన్